ఏసుపాదం విన్న పాఠం

మూడో పీరియడ్ గంట కొట్టి, చుట్టిన ప్రపంచపటాన్ని భుజాన వేసుకుని ఏసుపాదం తొమ్మిదో తరగతి వైపు నడిచాడు. యాభై ఆరేళ్ళ మనిషి. ఖాకీ చొక్కా మెడ దగ్గర చెమట ఆరి తెల్లగా చారలు కట్టింది. పటాన్ని మేకుకి తగిలించి ముడతలు అరచేత్తో సవరించాడు. సోషలు చెప్పే పల్లంరాజు మాస్టారి బెత్తం ఏళ్ళ తరబడి తగిలి తగిలి, ప్యారిస్ ఉండాల్సిన చోట వేలు దూరేంత కన్నం పడింది.

ఆ రోజు ఫ్రెంచి విప్లవం. తణుకు దగ్గరి ఆ హైస్కూల్లో అటెండరుగా చేరి ఇరవై రెండేళ్ళు. ఏ ఏడూ ఈ పాఠం వినకుండా ఉండలేదు. రాజులూ తేదీలూ అతనికి పట్టవు. వరండా స్తంభానికి ఆనుకుని ఓపిగ్గా నిలబడేవాడు. రొట్టె దొరకని ఆడవాళ్ళు జోరువానలో, ఫిరంగులు లాక్కుంటూ, రాజుగారి కోట దాకా నడిచిన ఘట్టం వచ్చేసరికి మాత్రం అతని వీపు స్తంభాన్ని వదిలేది. ఒక ఏడాది మాస్టారు వాన సంగతి మరిచిపోతే, "వాన కూడా పడిందండీ" అని బయటినుంచి అందించాడు. పిల్లలతోపాటు మాస్టారూ నవ్వారు.

ఈసారి మాత్రం పటం తగిలించి వెళ్ళిపోదామనుకున్నాడు. అయినా స్తంభానికే ఆనుకున్నాడు.

కిందటి నెల ఓ సాయంత్రం, నాట్ల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న భార్య రూతుకి ఊసుపోక ఆ కథ చెప్పాడు. అప్పటికే నెల్లూరు వైపు ఆడవాళ్ళు సారా కొట్లు మూయిస్తున్నారని పేపర్లో రోజూ వస్తోంది. రూతు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "మగోళ్ళెవరూ లేకుండానే ఎళ్ళారా?" అని రెండుసార్లు అడిగింది. మర్నాడు చేలో అందరికీ చెప్పింది. ఇంకో పది రోజులు గడిచేసరికి పేట ఆడవాళ్ళంతా చీపుళ్ళు పట్టుకుని కాలవగట్టు మీది సారా కొట్టు ముందు కూర్చున్నారు. కొట్టుకి తాళం పడింది. "మా ఆయన చెప్పిన కతే" అని రూతు గొప్పగా చెప్పుకునేది.

ఆ ఆయనకి సారా చుక్క లేక ఎనిమిది రోజులు చేతులు వణికాయి. నిన్న సాయంత్రం సారా కాంట్రాక్టరు మనిషి లోవరాజు స్కూలు గోడ పక్కన సైకిలాపి, జేబులోంచి రెండు పాకెట్లు తీసి చూపించాడు.

"సరుకు జీపు రేపొస్తందని మీవోళ్ళకి తెలిసిపోయిందంట కదా. ఎక్కడ ఆపుతారంట?"

ఏసుపాదం కాసేపు పాకెట్ల వైపే చూశాడు. "కాలవ లాకుల కాడ. మధ్యాన్నం" అన్నాడు.

ఒకటి ఆ గోడ నీడలోనే పళ్ళతో చింపి తాగాడు. రెండోది ఈ పొద్దున్న, మొదటి గంట కొట్టే ముందు.

తరగతిలో పాఠం చివరికొచ్చింది. తబిత లేచి నిలబడింది. ఆ పిల్ల తల్లి మార్తమ్మ, కొట్టు మళ్ళీ తెరవనీకుండా, రోజూ దాని ముందు రూతు పక్కనే కూర్చుంటుంది.

"మా అమ్మావాళ్ళు చేసేది కూడా విప్లవమేనాండీ?"

మాస్టారు చెడ్డవారు కాదు. నెమ్మదిగానే చెప్పారు. "అది వేరమ్మా. ప్యారిస్ వాళ్ళు రాజ్యాన్నే తిరగేశారు. రష్యా వాళ్ళూ అంతే. మీవాళ్ళు అడిగేది ఓ కొట్టు మూయమని. దానికీ దీనికీ పోలికేంటి?"

తబిత కూర్చోలేదు. "వాళ్ళు కూడా ముందు రొట్టే కదండీ అడిగారు?"

మాస్టారు బెత్తం బల్ల మీద పెట్టారు. గుమ్మం వైపు తిరిగి, "ఏమంటావు ఏసుపాదం? ఇరవై ఏళ్ళుగా వింటున్నావు, నువ్వు చెప్పు" అన్నారు.

తరగతి మొత్తం అతని వైపు తిరిగింది. తబిత కళ్ళు మెరిశాయి. ఔనని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరవబోతే పొద్దుటి సారా వాసన తనకే కొట్టింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాకేం తెలుసండీ. గంటలు కొట్టుకునేవోణ్ణి."

అందరూ గొల్లున నవ్వారు. తబిత మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం గంట కొడుతుంటే గేటు ముందునుంచి ఆడవాళ్ళు లాకుల వైపు వెళ్ళారు. నలభైమంది ఉంటారు. వాన లేదు, మాఘమాసపు ఎండ. కొంగు నడుముకి బిగించి అందరికంటే ముందు రూతు నడుస్తోంది. అతన్ని చూసి చీపురు పైకెత్తి నవ్వింది. పరిగెత్తి వెళ్ళి ఆపవచ్చు. ఏసుపాదం గంట పూర్తిగా కొట్టాడు.

జీపు లాకుల దగ్గరికి రానేలేదు. అవతలిగట్టు మీదుగా వెళ్ళి సరుకు దింపేసింది. లాకుల దగ్గర ముందే కాచుకున్న పోలీసులు పన్నెండుమందిని వ్యానెక్కించారు.

బడి వదిలాక స్టేషనుకి వెళ్ళాడు. ఆడవాళ్ళు వరండాలో గచ్చు మీద వరసగా కూర్చున్నారు. రూతు మోచేయి గీరుకుపోయి ఉంది. ఎస్సై అతని ఖాకీ చొక్కా చూసి, "గవర్నమెంటు ఉద్యోగివి కాబట్టి చెప్తున్నా. పూచీ రాసిచ్చి ఒక్కరిని తీసుకెళ్ళు" అన్నాడు.

రూతు దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మేం లాకుల కాడికొస్తామని ఆళ్ళకెవరు చెప్పుంటారంటావు?"

ఆమె గొంతులో అనుమానం లేదు. ఏ పేరు చెప్పినా నమ్మేలా ఉంది. అలా నమ్మే మనిషి కళ్ళలోకి అతను చూడలేకపోయాడు.

"నేనే."

రూతు అర్థంకానట్టు చూసింది. తర్వాత చూపు దించి అతని చేతులు చూసింది. వణకడం లేదు.

"ఎన్నిటికి?"

"రెండు పాకెట్లకి."

పక్కనున్న మార్తమ్మ మొహం గోడకి తిప్పేసుకుంది. రూతు కొంగుతో మోచేయి తుడుచుకుంది.

"ఆ సంతకం మార్తమ్మకి పెట్టు. ఇంటికాడ చంటిది పాలకేడుస్తా ఉంటది."

"మరి నువ్వో?"

"ఈళ్ళతోపాటే వదులుతారు. ఇటునించిటే తునిలో మా అక్క కాడికి ఎళ్ళిపోతా. నీ ఇంటికి రాను." రేపు చేలో పనుందని చెప్పినంత మామూలుగా అంది.

ఏసుపాదం కాగితం మీద తన పేరు పొందిగ్గా రాసిచ్చాడు. బయటికొచ్చిన మార్తమ్మ ఒక్కతే చకచకా ముందు నడిచిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అతను బయల్దేరాడు.

ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరాడు. అరుగు మీద రూతు సగం అల్లిన తాటాకు చాప పరిచి ఉంది. గాలికి కదలకుండా అంచున రాయి పెట్టి ఉంది. అల్లని ఆకులు ఒకదాని పక్క ఒకటి, ఇంకా పచ్చిగా, వీధి వైపు చాచుకుని ఉన్నాయి.