మూసిన నోటికి మాట

అయినా ఇంత తేలిగ్గా ఎలా క్షమించేస్తారో, తొమ్మిదేళ్ళు ఊళ్ళో దీపాలన్నీ ఎత్తుకుపోయినవాణ్ణి నాలుగే నాలుగు నిమిషాల్లో, అదీ ఆ చిట్టిపిల్ల చేత, అనుకుంటూ డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడ్డాడాయన, ఎనిమిదో టేకు, మోకాళ్ళు లాగేస్తున్నాయి, తెర మీద నీడల దొర, ఈ కార్టూన్ సీరియల్‌కి విలన్, తొమ్మిదేళ్ళుగా ఆయన గొంతుతోనే నవ్వినవాడు, ఇవాళ ఆఖరి భాగంలో లాంతరు పట్టుకున్న పిల్ల ముందు కూలబడి ఉన్నాడు, నువ్వు చేసిందంతా చూశాను, అయినా క్షమించేశాను దొరా అంటుంది పిల్ల, దొర నోరు మూసుకుని ఏడవాలి, అంతే, ఒక్క మాట కూడా లేదు, ఇంతోటి దానికి ఎనిమిది టేకులా, అద్దం అవతలి నుంచి దర్శకురాలు, కూతురి వయసుది, ఏమనుకోకండి బాబాయ్, ఏడుపులో కూడా నవ్వే వినిపిస్తోంది అంది, వినిపించదూ మరి, ఇన్నేళ్ళూ నవ్వించి ఉన్నట్టుండి ఏడవమంటే గొంతేమైనా కుళాయా తిప్పగానే రావడానికి, కాసిని మంచినీళ్ళు తాగండి బాబాయ్, తాగుతాలేమ్మా.

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు, అన్నయ్యా, చంటిది నా ప్రాణం తోడేస్తోంది, దొర చివరికి మంచోడైపోతాడా లేదా అని, ఆ గొంతు మా పెదనాన్నదే అని బళ్ళో అందరికీ చెప్పుకుందట, నువ్వే చెప్పు దీనికి అని ఫోన్ ఇవ్వబోతుంటే, పనిలో ఉన్నాన్రా తర్వాత చేస్తా అని పెట్టేశాడు, పనీ లేదు పాడూ లేదు, మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, ఆ గొంతు పెదనాన్నదేమిటి తల్లీ, మీ నాన్నది కావలసింది, తొమ్మిదేళ్ళ కిందట దొర గొంతు పరీక్షకి స్టూడియోవాళ్ళు పిలిచింది వాణ్ణే, జ్వరంతో గొంతు పూడుకుపోయి, అన్నయ్యా నువ్వెళ్ళి రెండ్రోజులు ఆగమని చెప్పిరా, ఆ మేనేజరు మంచాయన, ఆగుతాడు అని తనని పంపాడు, మీ తమ్ముడేడండీ అని ఆ మంచాయన అడగనే అడిగాడు, వాడికి ఈ పని మీద మనసు లేదండీ అన్న మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో, అయితే మీరే ఓసారి నవ్వి చూపించండి అన్నాడు, నవ్వాడు, ఇంటికొచ్చి ఆగలేమన్నార్రా, నన్నే చెయ్యమన్నారు అని చెప్పాడు, పోన్లే అన్నయ్యా, మనింట్లోనే ఉందిగా అని, ఒళ్ళు కాలిపోతున్నవాడు దుప్పటి తీసేసి లేచి కూర్చుని, పొట్టలోంచి రావాలి అన్నయ్యా, ఇంకాస్త లోపల్నుంచి, అని ఆ నవ్వు వాడే నేర్పాడు, వెధవ, వాడే నేర్పాడు, మనసు లేదన్న మాట మాత్రం అన్ని స్టూడియోలకీ పాకింది, ఇక వాణ్ణి పిలిచినవాడు లేడు, చూసి చూసి బస్టాండులో అనౌన్సరుగా చేరిపోయాడు.

రెడీనా బాబాయ్, ఆఁ రెడీ, పిల్ల లాంతరు ఎత్తింది, నువ్వు చేసిందంతా చూశాను, అయినా క్షమించేశాను, లేదు నువ్వు చూళ్ళేదు, నీకేం తెలీదు, అన్న మాటలు గదంతా వినిపించాక గానీ అన్నది తనే అని తెలియలేదు, ఆ వెనకాలే ఏదో ఒరుసుకుంటూ బయటికొచ్చింది, ఆపుదామన్నా ఆగలేదు, దర్శకురాలు రికార్డింగ్ ఆపి, బాబాయ్, బొమ్మ నోరు మూసుకునే ఉంది, మీరు మాట్లాడేశారు అంది, ఇన్నేళ్ళ సర్వీసులో తను మూసిన నోటి మీద మాట పెట్టినవాడు కాదు, సౌండ్ ఇంజినీరు ముక్కున వేలేసుకున్నాడు, అయ్యో తల్లీ, పొరపాటైంది, ఇంకోటి చేద్దాం అన్నాడాయన, అక్కర్లేదు బాబాయ్, మాటల తర్వాత వచ్చింది చూడండి, అదీ ఏడుపంటే, మాటలు కోసేసి అది ఉంచేస్తాను, కోసేయమ్మా, కోసేయి, అంటూ చెప్పులు వేసుకున్నాడు.

బస్టాండులో ఎండ ఇంకా దిగలేదు, ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీది బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది, తమ్ముడి గొంతు, పొట్టలోంచి వచ్చే గొంతు, రోజూ తను ఈ గొంతు కింద తల దించుకుని బస్సెక్కేస్తాడు, వాడు నవ్వుతూ పలకరిస్తూనే ఉన్నాడుగా, పండక్కో పబ్బానికో తనకి చొక్కా కొనిపెడుతూనే ఉన్నాడుగా, అంటే క్షమించినట్టేగా అని ఇన్నేళ్ళూ తనకి తనే సర్దిచెప్పుకున్నాడు, ఏం క్షమించాడు, పిల్ల దొరని క్షమించిందంటే వాడి దొంగతనం కళ్ళారా చూసింది గనక, తమ్ముడేం చూశాడని, వాడిది ఉత్త ప్రేమ, అది కూడా తను కాజేసిందే, ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీది తన బస్సు వెళ్ళిపోయింది, పోనీ, అనౌన్సరు గది అద్దం లోంచి తమ్ముడు చూశాడు, మొహం విప్పారింది, ఒక్క నిమిషం అన్నయ్యా అని చెయ్యూపి మైకు కట్టేశాడు, చంటిదానికి జవాబు బాకీ ఉండిపోయింది, దొర మంచోడైపోతాడో లేదో తను చెప్పగలిగేది కాదు, ముందు వీడు వినాలి, విన్నాక వీడే చెప్పాలి, అనుకుని తలుపు తోశాడు.