గాజుముక్కకు నాలుగు గడుల దూరం

సునీతకు అన్యాయం జరిగింది రెండువేల పన్నెండు ఏప్రిల్‌లో, ఆదివారం మాపటి పూట, ఒక చింతగింజతో.

ఆదివారమైతే ఆ ఇంట్లో అష్టాచెమ్మా ఉండాల్సిందే. మహేశ్వరం దిక్కు ఊరు. అరుగు మీద షాబాద్ బండకు చెక్కిన గడుల చుట్టూ దుర్గవ్వ, కొడుకు వీరేందర్, కోడలు సునీత కూర్చుంటారు. సగంలో ఆగిన ప్రతి పనికీ ఒక కాయ. వీరేందర్‌వి రెండు చింతగింజలు: ఒకటి సొంత కారు, ఇంకొకటి ట్రావెల్స్ ఆఫీసు. దుర్గవ్వది గాజుముక్క, ఆమెకు మిగిలిన ఒక్క కంటి ఆపరేషన్. సునీతకు ఉన్నది ఒక్క పలుగురాయి, ఓపెన్ పదో తరగతి. కాయ బండ నడిమింట్లో పండితే పని అవుతుంది. ఎవరైనా చంపితే పని మొదటికొస్తుంది. ఆ బండ తీరు అంతే. ఊర్లో ఎవరూ దానికి వింతపడరు. బోర్లో నీళ్లు పడితేనే వింతపడతారు.

ఆటకొక నియమం ఉంది, పిల్లలకు కూడా తెలుసు: ఒక్క కాయనైనా చంపందే లోపలి గడుల్లోకి పోనియ్యరు. ఇంటికొక నియమం ఉంది, అది దుర్గవ్వ పెట్టింది: కోడలు ఇంటోళ్ల కాయను చంపొద్దు. ఆడేదే ఇంటోళ్లతో, ఇంకెవరిని చంపాలి? పొద్దున్నే ఆటో ఎక్కి విమానాశ్రయంలో నేల తుడిచి, మాపటికొచ్చి వంట చేసి, అప్పుడు పుస్తకం ముందేసుకునే సునీత రాయి బయటి గడుల చుట్టే గానుగెద్దులా తిరిగేది. ఆడనిస్తున్నాం కదా అని వాళ్ల గొప్ప.

ఆ ఏప్రిల్ ఆదివారం వీరేందర్‌కు మూడు పడింది. ఒక గింజ జరిపితే తల్లి గాజుముక్క చస్తుంది, రెండోది జరిపితే పెళ్లాం రాయి.

"రేపే నా పరీక్ష," అంది సునీత.

"అయితే అమ్మది కొట్టమంటవా? కన్నతల్లిది?" అంటూనే రాయిని తీసి పక్కన పెట్టాడు. "ఆటంటే ఆటనే. మొఖం గట్ల పెట్టకు."

తెల్లారి చూస్తే సునీత హాల్ టికెట్ మీద ఎవరో మీసాలాయన ఫోటో ఉంది. గేటు బయటే ఆపేశారు. వారం తిరక్కుండా చింతగింజ పండి, వాకిట్లోకి తెల్లకారు వచ్చింది. వీరేందర్ దానికి నిమ్మకాయలు కట్టి విమానాల గిరాకీ మొదలుపెట్టాడు. పోయేది పెళ్లాం పనిచేసే చోటికే. అయినా ఒక్కనాడు ఎక్కించుకోలేదు. "తుడిచేటోళ్లను ఎక్కించుకుంటే గిరాకీ మొఖం తిప్పుకుంటది," అనేవాడు.

ఓపెన్ బడిలో పేరు ఐదేళ్లే నిలుస్తుంది. రెండువేల పద్నాలుగు ఏప్రిల్‌తో సునీత గడువు సరి. పది పాసైతే కౌంటర్‌లో కూర్చునే పని ఇస్తానని సూపర్‌వైజర్ వినీల మాటిచ్చింది. లేకుంటే మోకాళ్లు అరిగేదాకా ఆ నేలే.

ఆ ఆఖరి ఏప్రిల్‌లో, పరీక్షలకు ముందు ఆదివారం. దుర్గవ్వకు గడులు ఆనడం లేదు, అందుకని ఆమె కాయను కొడుకే జరుపుతున్నాడు. తన ఆఫీసు గింజను మాత్రం చంపరాని గీతల గడిలో భద్రంగా కూర్చోబెట్టుకున్నాడు. తల్లి గాజుముక్కను సునీత రాయికి సరిగ్గా నాలుగు గడుల ముందర నిలబెట్టాడు.

సునీత గవ్వలేసింది. నాలుగూ వెల్లకిలా పడ్డాయి. చెమ్మ, సరిగ్గా నాలుగు గడులు.

"ఇగ ఏం చేస్తవ్?" వీరేందర్ నవ్వాడు. "మా అమ్మ కన్ను తీస్తవా?"

"ఆమెనాడ నిలబెట్టింది ఎవరు?"

"నువ్వు కొట్టవని తెల్సే పెట్టిన."

సునీత అత్త వైపు తిరిగింది. "అత్తమ్మా, నీ కాయ యాడుందో తెల్సా?"

"నా కొడుకు చేతుల ఉంది. నాకేం భయం?" అంది దుర్గవ్వ. "నువ్వు రివాజు మర్వకు, చాలు."

పడిన పందెం వదులుకోవచ్చు. ఇన్నేళ్లూ వదులుకుంటూనే వచ్చింది.

"రివాజు మీది అత్తమ్మా. రాయి నాది," అని సునీత గాజుముక్కను చంపింది. రాయి లోపలి గడుల్లోకి దూరింది. దీపాలు పెట్టకముందే పండింది.

వీరేందర్ వాడకట్టంతా వినేలా తిట్టాడు. దుర్గవ్వ మాత్రం బండనంతా తడుముతూ గాజుముక్క కోసం వెతుక్కుంది. బుధవారం దవాఖానలో డాక్టరు ఆమె కంట్లోకి లైటు కొట్టి చూసి, ఆపరేషన్ బల్ల మీది నుంచి దించేశాడు. "లోపల నరం చచ్చిపోయిందమ్మా. ఇగ కోసినా లాభం లేదు."

మళ్లీ ఎవరూ ఆటకు కూర్చోలేదు. ఆఫీసు గింజ ఆ గీతల గడిలోనే భద్రంగా పుచ్చిపోయింది.

వానలు మొదలయ్యాక సునీత మెమో తెచ్చుకుంది. కాగితం చప్పుడు విని దుర్గవ్వ చెయ్యి చాచింది. దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమి, తిరిగిచ్చింది.

"చదువు. నా కన్ను దేనికి పోయిందో వింట."

సునీత పేరు చదివింది. తెలుగు, లెక్కలు, సైన్సు, ఒక్కొక్క మార్కూ చదివింది. గొంతు తగ్గించలేదు, క్షమించమనీ అడగలేదు.

"పాసేనా?"

"పాసే."

"తారీఖు ఏసిండ్రా? నాకు యాదికుండాలె."

"ఏసిండ్రు. పద్దెనిమిది జూన్, రెండువేల పద్నాలుగు."