సగం చార్జింగు

“మళ్ళీ పీకేశావా?” అంది ఆమె.

తన చార్జర్ వైరు నేలమీద ముడుచుకుని పడి ఉంది. హాల్లో ప్లగ్గుకి అన్నగారి అమ్మాయి ఫోను వేలాడుతోంది. ఇంట్లో సరిగా పట్టే ప్లగ్గు అదొక్కటే.

“నీది సగం ఎక్కిందిగా అత్తా! నాది చచ్చిపోతోంది” అంది మేనకోడలు, తెర మీంచి చూపు తిప్పకుండా.

“సగమా? చూడు, ఎర్ర గీత దాటలేదు.”

“పొద్దున్నే ప్లగ్గు కోసం పంచాయితీ ఏంటి? అయినా నీకెవరు చేస్తారు ఫోన్లు?” వంటింట్లోంచి వదిన.

ఆ మాట పూర్తికాకుండానే ఆమె ఫోను మోగింది. సిలిండరు అతను. ఇల్లెక్కడని అడుగుతున్నాడు. ఆ ఇంటికి వచ్చే సిలిండరు, పార్సిలు, స్కూలు సమాచారం, అన్నిటికీ ఇచ్చింది ఆమె నంబరే. అన్నయ్య నంబరిస్తే ఆఫీసు పనికి అడ్డమట. వదినకి చిరాకట.

ఇంట్లో ఆమెను అందరూ అత్త అనే పిలుస్తారు. పిల్ల నేర్చుకున్న పిలుపు అన్నయ్య నోటికీ అలవాటైపోయింది. ఈ పిల్ల పుట్టినప్పుడు నెల రోజులు సాయంగా ఉండమంటే వచ్చింది. ఆ నెల ఇంకా పూర్తికాలేదు. పెళ్ళి సంగతి ‘చూద్దాం’ అన్నవాళ్ళు చూస్తూనే ఉండిపోయారు. ఆమె పడుకునేది సామాన్ల గదిలో. అక్కడ ప్లగ్గు లేదు. సామాన్లకి దేనికని పెట్టించలేదు.

ఈ పొద్దున ఆమెకీ ఒక ఫోను రావాలి. ఆమె పనిచేసే హోటలు వాళ్ళే ఊరవతల కొత్తది తెరుస్తున్నారు. అక్కడ దుప్పట్ల గది మొత్తం ఒకరి చేతికిస్తారు, ఉండటానికి వేరే గదీ ఇస్తారు. “పొద్దున్నే చేస్తాను, ఔనో కాదో చెప్పేయండి” అంది పై ఆఫీసు మేడమ్. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ‘ఔనండి’ అని మాత్రం స్నానాల గదిలో రెండుమూడు రకాలుగా అనుకుని చూసుకుంది.

బస్సులో ఉండగా సిలిండరు అతను మళ్ళీ చేశాడు. “తలుపు కొడుతుంటే ఎవరూ తీయట్లేదమ్మా!” అతనికి సందు గుర్తులు, ఇంటి రంగు, వీధివైపు తలుపు కాదు పక్క తలుపు అని చెబుతుండగానే ఫోను ఆరిపోయింది.

హోటలు లాండ్రీలో ఆవిరికి అద్దాలు మసకబారి ఉన్నాయి. ఆరిన దుప్పటికి ఆమె ఒక కొస పట్టుకుంది, జోడీగా పనిచేసే ఆవిడ రెండో కొస పట్టుకుంది. విదిలించి, మడిచి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి. వేడి బట్ట పట్టీపట్టీ ఆమె వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. రోజంతా నడుస్తుంది, గది దాటదు.

సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “మేడమ్ రెండుసార్లు చేశారటక్కా. స్విచ్చాఫ్ వచ్చిందట. ఫోనే ఎత్తనివాళ్ళకి బాధ్యతేం ఇస్తామన్నారు. ఇంకొకావిడకి ఇచ్చేశారు.”

ఆమె చేతిలో కొస జారలేదు.

“ఏడుపొస్తే ఏడ్చెయ్యవే” అంది జోడీ.

“ఇప్పుడే ఆరింది, మళ్ళీ తడపడమెందుకు?” అంది, దుప్పటి మడుస్తూ.

పని కాగానే సెల్లు రిపేరు కొట్టుకి వెళ్ళింది. “దీనికి కొత్త బ్యాటరీ వెయ్యి బాబూ, నిలవట్లేదు.”

అతను ఏదో తగిలించి చూసి నవ్వాడు. “ఇది భేషుగ్గా ఉందమ్మా! రాత్రంతా ప్లగ్గుకి వదిలేసి, నిండినదాన్నే నింపేవాళ్ళవి వేడెక్కి ఉబ్బిపోతాయి. మీరు నిండా ఎక్కించరు కదూ?”

“ఎక్కనివ్వరు.”

“అదే మంచిదైంది! సగం సగంగా నడిచింది కాబట్టే ఇన్నాళ్ళు మన్నింది.”

“ఇంకెన్నాళ్ళు మన్నుతుంది?”

“ఇలాగే వాడారంటే... ఇంకా చాలా ఏళ్ళు!”

అతను మంచి కబురే చెప్పాననుకున్నాడు. ఆమె ఫోను తీసుకుని దుకాణం మెట్టు దిగింది. తర్వాత ఇంటికి కాక, జోడీ ఉండే వైపు నడిచింది.

ఇంటికొచ్చేసరికి ఎవరూ లేరు. ఫోను ప్లగ్గుకి పెట్టి వంటలోకి దిగింది.

అందరూ భోజనానికి కూర్చున్నారు. “అత్తా, రేపు వాషింగ్ మెషీను బాగుచేసేవాడు వస్తాడు. నీ నంబరిచ్చాను” అన్నాడు అన్నయ్య.

“రేపటికి నేనుండను. లాండ్రీలో నా జోడీ గదిలో ఇంకో మంచానికి చోటుంది. పొద్దున్నే వెళ్ళిపోతున్నా.”

“ఇక్కడ నీకేం తక్కువైందని?” వదిన గరిటె కూరలోనే ఆగిపోయింది.

ఆమె కంచంలో అన్నం కలుపుతోంది.

“చెల్లాయ్...” అన్నాడు అన్నయ్య. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. చటుక్కున తలెత్తింది.

“మరి నంబరెలా? అన్నిటికీ అదే ఇచ్చాం కదా!”

ఆమె మళ్ళీ కంచంలోకి చూసింది. “నంబరు మీకే వదిలేస్తున్నా. ఫోనూ నీ పాతదేగా అన్నయ్యా.”

హాల్లో ఫోను మోగింది. అలవాటుగా ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆమె మజ్జిగ పోసుకుంది.

మోగి మోగి ఆగింది. నూటికి నూరూ నిండిన ఫోను, తీసేవాళ్ళు లేక, ప్లగ్గులోనే వేడెక్కుతోంది.