ఎస్సైగారిని డ్రాకి పిలిస్తే

రెవెన్యూ ఆఫీసు నుంచి పోలీస్ స్టేషనుకి గౌసియా నడిచి రావడం ఆ రోజుకి రెండోసారి. మధ్యాహ్నం మూడైంది. పొద్దున్న తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. వెంట వచ్చిన దేవకుమారి చెప్పు దారిలోనే తెగింది. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకునే స్టేషను మెట్లెక్కింది.

"ఏవన్నారు?" అన్నాడు ఎస్సై ప్రసాదరావు, పేపరు దించకుండా.

"లాటరీ పర్మిషనుకి తమ దగ్గర ఫారం ఏదీ లేదన్నారండీ. మిమ్మల్నే అడగమన్నారండీ."

"మేం పర్మిషన్లివ్వం. లేనోళ్ళని పట్టుకుంటాం, అంతే."

బల్ల మీద పన్నెండు కూపన్ పుస్తకాలు పొద్దున్న పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్కన ఉండాల్సిన బిస్కెట్ల డబ్బా లేదు. అందులో పదకొండు వేల నాలుగు వందల రూపాయలున్నాయి. బల్ల సొరుక్కి తాళం వేసి ఉంది.

గౌసియా ఏలూరులో జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త మీరావలి కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో చేసేవాడు. పోయిన నెల ఐసు నలగ్గొట్టే మిషను అతని కుడిచేతిని లాక్కుంది. వేళ్ళయితే మిగిలాయి గానీ, వాటిని ముడిచే నరాలు తెగిపోయాయి. యజమాని రెండు వేలు చేతిలో పెట్టి, మస్టర్లో పేరు కొట్టేశాడు. విజయవాడ డాక్టరు శుక్రవారం ఆపరేషన్ పెట్టాడు. అప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆగితే ఆ వేళ్ళు ఇక ముడుచుకోవన్నాడు. ముందు పది వేలు కడితేగానీ చేర్చుకోరు.

అందుకని సందులో ఆడవాళ్ళంతా కలిసి పది రూపాయల కూపన్లు వేశారు. మొదటి బహుమతి గౌసియా సొంత మోటారు కుట్టుమిషను. రెండోది దేవకుమారి ఇచ్చిన స్టీలు బిందె. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళూ, కైకలూరులో చేపలమ్మే ఆడవాళ్ళూ, ఐసు లారీల డ్రైవర్లూ కొన్నారు. డ్రా 11-12-2003, గురువారం.

అంతవరకూ ఏ గొడవా లేదు. గొడవంతా మర్యాదతో వచ్చింది. ఈ ఊళ్ళో డ్రా అంటే ఎవరో ఒక పెద్దమనిషి చీటీల డబ్బాలో చెయ్యి పెట్టాలి. లేకపోతే చీటీ ముందే తీసి పెట్టుకున్నారంటారు. "ఎస్సైగారు తీస్తే మనల్ని దొంగలనేవాడే ఉండడు" అంది దేవకుమారి. బస్టాండు దగ్గర డీటీపీ షాపులో ఆహ్వానపత్రిక వేయించారు. అందులో రోగి పేరు కన్నా ప్రసాదరావు పేరు రెండింతలు పెద్దది. దానితో పాటు రెండు నిమ్మకాయలు, లెక్క చూసుకుంటారని కూపన్ పుస్తకాలు, డబ్బున్న బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన పర్మిషను కాగితం ఏదని అడిగి, డబ్బా సొరుగులో పెట్టి తాళం వేశాడు. నేరానికి అధ్యక్షత వహించమని పోలీసునే పిలిచిన నేరస్తులు ఆ స్టేషనుకి అంతకు ముందు వచ్చి ఉండరు.

"మరి దసరాకి వెంకటరత్నంగారి బట్టల షాపులో డ్రా మీరే తీశారు కదండీ" అంది గౌసియా.

"అది స్కీము. చీర కొంటే కూపన్ ఫ్రీ. నువ్వేం అమ్మావ్? వట్టి కాగితం. దాన్ని జూదం అంటారు."

"అయితే కూపన్‌కో జాకెట్టు హుక్కు ఇచ్చుంటే సరిపోయేదేమోనండీ" అంది దేవకుమారి.

మూల బల్ల దగ్గర కేసులు రాసే రైటరు వీరాస్వామి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఎస్సై అతని వంక చూశాడు. దగ్గు తగ్గిపోయింది.

అప్పుడే వెంకటరత్నం స్వయంగా వచ్చాడు. ఎస్సై ఫోన్ చేసి పిలిపించాడు. ఊళ్ళో ఒక సేవాక్లబ్బుకి వెంకటరత్నం అధ్యక్షుడు. కుర్చీ తుడిపించుకుని కూర్చుని, గౌసియా వైపు జాలిగా చూశాడు.

"భయపడకమ్మా. మా క్లబ్బుకి రిజిస్ట్రేషనుంది, ఆడిటరున్నాడు. ఈ పుస్తకాలూ, డబ్బూ మా క్లబ్బుకి అప్పజెప్పినట్టు ఒక సంతకం పెట్టు. డ్రా మేం జరిపిస్తాం. జనవరిలో మా వార్షికోత్సవం ఉంది. మీ ఆయనకి స్టేజీ మీద ఐదు వేలకి చెక్కిస్తాం."

"మిగతాదండీ?"

"హాలు, షామియానా, భోజనాలు... ఖర్చులుంటాయి కదమ్మా."

"ఆపరేషన్ శుక్రవారమండీ."

"డాక్టరుతో నేను మాట్లాడతాలే. చెయ్యి ఎక్కడికీ పారిపోదుగా." ఏదో గుర్తొచ్చి ఆగాడు. "ఆ, కట్టు మాత్రం విప్పనివ్వకు. ఫొటోలో కనబడాలి."

గౌసియా సంతకానికి ఆయన ముందుకు జరిపిన తెల్లకాగితం వైపు చూసింది. తర్వాత కూపన్ పుస్తకాల వైపు చూసింది. చింపిన కూపన్‌కి మిగిలిన ఒక్కో కౌంటరు ముక్క మీద ఒక్కో పేరుంది. కొన్ని పేర్లు ఆమే రాసింది, ఎందుకంటే కొన్నవాళ్ళకి రాయడం రాదు. వాళ్ళు పది రూపాయలిచ్చింది మీరావలి చెయ్యి బాగవ్వాలని.

"పెట్టనండీ" అంది.

"ఏంటీ?" అన్నాడు ఎస్సై.

"సంతకం పెట్టనండీ."

"అయితే కేసే. కోర్టు చుట్టూ తిరుగుతావ్. ఇంట్లో అవిటిచేతి మొగుణ్ణి పెట్టుకుని, ఏ తల్లి కడుపున పుట్టావో గానీ తెలివుందా నీకు?"

గౌసియా సొరుగు వైపు వేలు చూపించింది. "రాయండి. కేసు రాస్తే సొరుగులో ఎంతుందో అది కూడా రాయాలి కదండీ. మూడు గంటలు దాటింది, మా డబ్బు తీసుకున్నట్టు ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు మీరు. రాయండి. వెంకటరత్నంగారి షాపులో డ్రా తీసిందెవరో జడ్జిగారు అడిగితే నేనే చెప్తాను. సగం ఊరు చూసింది."

వెంకటరత్నం గడియారం చూసుకున్నాడు. "షాపులో సరుకు దిగే టైమయింది" అన్నాడు గానీ లేవలేదు. ఎస్సై మెడ మీద ఎరుపు చెవుల దాకా పాకింది.

"బయటికి పో" అన్నాడు. "డబ్బు సంగతి తర్వాత చూద్దాం."

"పోనండీ. డబ్బైనా ఇవ్వండి, కేసైనా రాయండి."

దేవకుమారి చెప్పు కింద పడేసి, ఆమె పక్కకి వచ్చి నిలబడింది.

గౌసియా మూల బల్ల దగ్గరికి నడిచింది. వీరాస్వామి ముందు కేసుల పుస్తకం మూసి ఉంది. అది ఆమే తెరిచింది.

"రాసుకోండి. షేక్ గౌసియా. భర్త మీరావలి. వృత్తి, జాకెట్లు కుట్టడం. డబ్బాలో పదకొండు వేల నాలుగు వందలు."

వీరాస్వామి కార్బన్ కాగితం సర్దాడు. పెన్ను చేతిలోకి తీసుకుని ఎస్సై వైపు చూశాడు.

"సార్, రాయమంటారా?"