దింపుడు కళ్లం షాట్

పాడె మీద పడుకోవడానికి మనిషి దొరకడం ఎంత కష్టమో సినిమా తీసేవాళ్లను అడగాలి. ప్రేమించడానికి, తన్నులు తినడానికి, వానలో తడుస్తూ గంతులెయ్యడానికి జనం ఎగబడి వస్తారు. చచ్చి పడి ఉండమంటే మాత్రం అందరికీ ఎక్కడెక్కడి పనులూ గుర్తొస్తాయి. కోరుట్ల నుంచి మాట్లాడి తెచ్చిన ముసలి నటుడూ అంతే. రాయికల్ పొలిమేరలో కారు దిగాడు, చాయ్ తాగాడు, పచ్చి వెదురుతో కట్టిన పాడెను ఒకసారి చూశాడు. ఫోనొచ్చినట్టు పక్కకు నడిచాడు. మళ్లీ కనబడితే ఒట్టు.

దర్శకుడు జలపతి నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. నవ్వించే వీడియోలు తీసి నలుగురికీ తెలిసిన మనిషి, ఇదే మొదటి పెద్ద సినిమా. కథంతా ఒక తండ్రి శవయాత్ర మీద నిలబడింది. శవమే పారిపోతే ఇక సినిమా ఏముంది?

అప్పుడు శోభ నోరు జారింది.

"మా బాపును తోలుకస్త సార్."

శోభ దర్శకుడి సహాయకుల్లో అందరికన్నా ఆఖరిది. జగిత్యాలలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వదిలిపెట్టి ఈ పనిలో చేరింది. క్లాప్ కొట్టడం, ఎవరి చొక్కా గుండీ ఏ షాట్‌లో ఊడి ఉందో గుర్తుంచుకోవడం, ఎవరికి కోపమొచ్చినా ముందుగా తిట్లు తినడం ఆమె పనులు. ఈ సినిమాలో పేరు పడితే ఇంకో సినిమా దొరుకుతుంది. పడకపోతే మళ్లీ పెళ్లి వీడియోలే.

తండ్రి రాజలింగం సగం జీవితం తాటిచెట్ల మీద గడిపినవాడు. మోకాళ్లు మొరాయించాక కల్లుగీత మానేశాడు, ఆ వెనుకే షుగర్ వచ్చింది. బిడ్డ అడగ్గానే నవ్వాడు.

"పండుడే గదా, దానికేంది. మీ అవ్వకు మాత్రం చెప్పకు. పుస్తెలు మెడల ఉండంగ మొగడు పాడె ఎక్కిండని తెలిస్తే నిజంగనే సాగనంపుతది నన్ను."

మర్నాడు పొద్దున షుగర్ గోలీ శోభే తన చేత్తో వేసింది. తనే వండిన ఉప్మా స్టీలు డబ్బాలో పెట్టి తండ్రి ఒళ్లో ఉంచింది. "గోలీ ఏసుకున్నంక తినకుంటే పానం మీదికస్తది, మర్చిపోకు బాపు" అని చెబుతుండగానే జలపతి కేక వేశాడు. పరుగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి మేకప్ మనిషి తండ్రి ముక్కులో దూది పెట్టి, గదుమ కింది నుంచి గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి ముడి వేస్తున్నాడు. అలా చూడలేక శోభ మొహం తిప్పుకుంది.

జలపతి కోరుకున్న షాట్ మామూలుది కాదు. పాడె ఇంటి ముందు లేవాలి. డప్పులు, ఏడుపులు, చల్లే పేలాలు అన్నిటినీ వెంటేసుకుని కాలువ దాకా సాగాలి. కెమెరామన్ శ్రీశైలం కెమెరా చేత్తో పట్టుకుని, వాళ్లకు ఎదురుగా వెనక్కి నడుస్తూ రావాలి. కాలువ గట్టున పాడె దించాలి. అదే దింపుడు కళ్లం. ఎక్కడైనా కొసప్రాణం మిగిలి ఉందేమోనన్న ఆశతో, చచ్చినవాడి చెవిలో దగ్గరివాళ్లు మూడుసార్లు పిలుస్తారు. పలకకపోతే ఎత్తుకుని ముందుకు పోతారు. హీరో రమేశ్ మూడుసార్లు పిలవాలి, తండ్రి పలకడు, కొడుకు కూలబడతాడు. ఇదంతా ఒకే ముక్క, మధ్యలో కత్తెర పడకూడదు. ఎక్కడ తప్పు దొర్లినా మళ్లీ ఇంటి ముందు నుంచే మొదలు.

తప్పులకేం కొదవ. ఒకసారి చూడవచ్చినవాడెవడో ఫోన్ ఎత్తి కెమెరా ముందుకొచ్చాడు. ఒకసారి ఏడ్వాల్సిన ఆడవాళ్లకు నవ్వొచ్చింది. ఇంకోసారి బర్రెలు అడ్డమొచ్చాయి. ప్రతిసారీ పాడెను వెనక్కి మోసుకొచ్చారు. లేచిన పాడె వెనక్కి రావడమేమిటని ముసలమ్మలు గొణిగారు.

రాజలింగం మాత్రం పాడె దిగలేదు. "జరసేపు నీడకు రా బాపు" అని శోభ బతిమాలింది. గదుమ కట్టులోంచే గొణిగాడు.

"పాడె ఎక్కినోడు దిగి మళ్ల ఎక్కుడేంది? మంచిది గాదు. గిట్లనే ఉండనీ."

గొడుగు పట్టించి ఊరుకుంది. ఇంకో పని మీద పడింది. మధ్యాహ్నం దాటాక జలపతి ఆమె భుజం తట్టాడు.

"మీ బాపు పుట్టు యాక్టర్ శోభా! ఏలు గూడ కదలలే."

ఎన్ని రోజులుగానో తిట్లే తింటున్న పిల్లకు ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో వేరే చెప్పాలా? శోభ పొంగిపోయింది.

సారంగాపూర్ దిక్కు నుంచి మబ్బు లేచింది. వెలుతురు పోతోంది. జలపతి మైకు అందుకున్నాడు.

"గిదే ఆఖరుది. మబ్బు కమ్మితే ఇయ్యాల పనంత గంగల కలుస్తది. కెమెరా ముంగటికి ఎవలన్న అడ్డమస్తే, అటునుంచి అటే ఇంటికి పోవుడే. మనోళ్లయినా సరే. యాక్షన్!"

ఈసారి అన్నీ కుదిరాయి. డప్పులు గుండెలో మోగుతున్నాయి. పాడె ఊగుతూ సాగింది. శోభ అందరికన్నా వెనుక, కెమెరాకు కనబడకుండా నడుస్తోంది. కాలువ కల్వర్టు మీద కనకవ్వ కూర్చుని ఉంది. గుంపులో ఏడవడానికి పిలిపించిన ముసలమ్మ, పొద్దటి నుంచీ నడిచి కాళ్లు పడిపోయి అక్కడే ఆగిపోయింది. చేతిలో డబ్బా మూత తీసి తింటోంది. ఆ డబ్బా చూసి శోభ టక్కున నిలబడింది.

"కనకవ్వా, గీ డబ్బా నీకెక్కడిది?"

"మీ బాపే ఇచ్చిండు బిడ్డా పొద్దున. పీనుగు లేవనిదే ఇంట్ల పొయ్యే ముట్టియ్యరు, గసుంటిది పీనుగే తింటే ఎట్ల అని నవ్విండు. నేనేమో ఇప్పుడు తింటున్న."

శోభ పాడె దిక్కు చూసింది. బాపుకు గోలీ వేసింది తనే. తినలేదు. పొద్దటి నుంచి తినలేదు. వేలు కదలడం లేదని మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా తనే.

గట్టు వెంట పరుగెత్తి జలపతి పక్కకు చేరింది. అతను మెడకు వేలాడేసుకున్న చిన్న మానిటర్‌లో మొహం పెట్టి నడుస్తున్నాడు.

"సార్, కట్ చెప్పుండ్రి. మా బాపు పొద్దటిసంది తినలే. షుగర్ గోలీ ఏసుకున్నడు."

"ఇంకెంత శోభా, కళ్లం రానే వచ్చింది." అతను తల ఎత్తలేదు. "మూడు పిలుపులైతే అయిపాయె. గప్పుడే కడుపు నిండ పెడుదాం."

పాడె దించారు. కెమెరా కిందికి వంగి రాజలింగం మొహం దగ్గరికి జరిగింది. మానిటర్ నిండా ఆ మొహమే. నుదుటి మీద, పెదవి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది.

"పీనుగుకు చెమటేంది" అని విసుక్కున్నాడు జలపతి. "పోనీ తియ్, గ్రాఫిక్స్‌ల తుడిపిద్దాం."

ఆ చెమట శోభకు తెలుసు. ఇంట్లో ఇంతకుముందు చూసింది. అది ఎండకు పట్టేది కాదు, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది.

కానీ కాకపోతే? పొద్దటి నుంచీ ఎండలో ఉన్న మనిషికి చెమట పట్టదా? తను అడ్డం పడ్డాక బాపు లేచి కూర్చుని "ఏందే, గింతసేపు కట్టెలెక్క పండుకుంటే కరాబు చేసినవ్" అంటే? వెలుతురు పోయింది, షాట్ పోయింది, తన పనీ పోయింది. పలకకుండా పడి ఉండమనే కదా ఆయనకు చెప్పింది. పలకనివాడు నటిస్తున్నాడో, పోతున్నాడో ఎట్లా తెలిసేది?

"నాయినా!" రమేశ్ మొదటిసారి పిలిచాడు. సిరిసిల్ల మనిషి, మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన గొంతు. డప్పుల మీదుగా ఖంగున మోగింది. రాజలింగం పలకలేదు.

"నాయినా!" రెండోసారి పిలుస్తూ రమేశ్ ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని వదిలాడు. తల పక్కకు దొర్లిపోయింది. నటించే మనిషి ఎంత నటించినా మెడలో ఇంత బిగువు దాచుకుంటాడు. ఈ మెడలో ఏమీ లేదు.

శోభ కెమెరా ముందుకు దూకింది.

రమేశ్ బిత్తరపోయి పక్కకు జరిగాడు. ఆమె పాడె పక్కన మోకాళ్ల మీద పడి తండ్రి భుజాలు పట్టి కుదిపింది. ఒళ్లు చల్లగా, తడిగా ఉంది.

"బాపూ!"

చచ్చినవాడి బిడ్డ వేషం శోభకు ఇచ్చారని గుంపు అనుకుంది. కొత్త బిడ్డ ఇంత బాగా ఏడుస్తుంటే తాము తక్కువ తింటామా అన్నట్టు ఆడవాళ్లు శోకాలు పెంచారు. డప్పు వాయించే దేవదాస్ ఇంకా హుషారెక్కి దెబ్బ పెంచాడు. ఇదంతా జలపతి ముందే అనుకున్న ఏర్పాటే అనుకుని శ్రీశైలం కెమెరాను ఆమె మొహం మీదికి తెచ్చాడు. జలపతి నోట కట్ అనే మాట రాలేదు. మానిటర్‌లో కనబడుతున్నది చూసి కొయ్యబారిపోయాడు.

"చక్కెర తెండ్రి! ఎవలన్న చక్కెర తెండ్రి!" అని అరిచింది శోభ. డప్పుల్లో ఆ మాట ఎవరికీ అందలేదు. అందినవాళ్లు కూడా ఏదో డైలాగు అనుకున్నారు.

"బాపూ!"

రెండోసారీ పలకలేదు. మూడోసారి పిలవబోయి శోభ ఆగింది. మూడోసారి కూడా పలకనివాణ్ణి ఎత్తుకుపోతారు. ఊళ్లో అందరూ చేసేది అదే. పిలవకపోతే ఇంకా ఉన్నట్టే కదా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. అయినా పిలిచింది.

"బాపూ..."

ఏమీ లేదు.

కన్నీళ్లు తుడుచుకోబోతే భుజానికున్న సంచి చేతికి తగిలింది. అందులో సీసా ఉంది. నిన్న యాక్సిడెంట్ సీనుకు వాడగా మిగిలిన రక్తం. ఆ రక్తం తనే వండింది, చక్కెర పాకంలో మిఠాయి రంగు కలిపి. పళ్లతో మూత పీకింది. గదుమ కట్టు లాగేసి, వేలు ఆ పాకంలో ముంచి తండ్రి చిగుళ్లకు, బుగ్గల లోపలికి రాసింది. పోస్తే ఊపిరికి అడ్డం పడుతుందని దవాఖానలో సిస్టరమ్మ చెప్పింది, అందుకని రాస్తూనే ఉంది. ఎర్రటి పాకం నోటి కొసల నుంచి కారి తెల్లబట్ట మీద పడింది.

అది చూసి దేవదాస్ చేతులు ఆగిపోయాయి. ఒక్కొక్క డప్పే ఆగింది. ఆడవాళ్లు ఈసారి నిజంగా అరిచారు. వెనుక నుంచి కనకవ్వ రొప్పుకుంటూ వచ్చి పడింది.

"అయ్యో, అది ఆట గాదురా! రాజలింగం పొద్దటిసంది తిననేలేదు! ఆని బువ్వ నేను తిన్న!"

"కట్!" అని అప్పుడు అరిచాడు జలపతి. "కట్, కట్! బండి తీయుండ్రి!"

రమేశ్ కాలివేళ్ల ముడి విప్పాడు. ముక్కులో దూది తీశారు. శోభ ఇంకోసారి రాసింది, ఇంకోసారి. ఎంతసేపైందో తెలియదు. మొదటి చినుకు తండ్రి నుదుటి మీద పడింది. అప్పుడు ఆమె వేలికి ఆయన నాలుక తగిలింది. కొంచెం కదిలింది. పాకాన్ని చప్పరించింది. కాసేపటికి గుటక వేశాడు.

జగిత్యాల దవాఖానకు పోయే కారులో రాజలింగం తల శోభ ఒడిలో ఉంది. గుటక సరిగా పడుతోందని చూసుకున్నాక ఎవరో ఇచ్చిన మామిడి రసం బొట్టు బొట్టు పోసింది. మెల్లగా కళ్లు తెరుచుకున్నాయి, చూపు బిడ్డను గుర్తుపట్టింది. జలపతి ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని చేతులు జోడించాడు.

"నేను పిలిస్తే ఇనరాలేదా బాపు?" అనడిగింది శోభ.

"ఇనవడ్డది."

"మూడుసార్లు పిలిచిన."

"మూడుసార్లు ఇన్న బిడ్డా. ఆఖరుకు నాలిక లేవలే గని, మొదటిసారైతే పలుకుదును." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నీ గొంతే అని ఎరుకైంది. నిన్ను గూడ యాక్టింగుల పెట్టిండ్రనుకున్న. పలుకుతె షాట్ కరాబైతది, నీ పని పోతదని ఊకున్న."

శోభకు కోపమొచ్చింది. ఇంత కోపం ఆమెకు జన్మలో రాలేదు. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. పాకం రంగుతో ఎర్రబడిన చేతుల్లో తండ్రి మొహం పట్టుకుని, వంగి ఆయన చెవి దగ్గర చెప్పింది.

"ఇగ నేను పిలిస్తే పలుకాలె. ఏడున్నా, ఎవలున్నా, ఏం కరాబైనా సరే పలుకాలె. ఇన్నవా?"

ఆయన తల ఊపాడు. ఆమెకు చాలలేదు.

"బాపూ."

"ఓ" అన్నాడు రాజలింగం.

కారు జగిత్యాల చేరేదాకా శోభ పిలుస్తూనే ఉంది.