ఎడమ బుగ్గ

మునిశేఖర్ నోట అబద్ధం రాదని తిరుచానూరులో మా వీధి వీధంతా చెబుతుంది. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల తగాదా వచ్చినా ఆయన్నే పెద్దమనిషిగా కూర్చోబెడతారు. ఆ మునిశేఖర్ నా మొగుడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఒక అబద్ధాన్ని నా మొహం మీదే దాచిపెట్టుకున్నాడు. దాచుకున్నందుకు కాదు నా కోపం, దాన్ని నా నోటితోనే చెప్పించినందుకు.

నా పైపెదవికి ఎడమపక్క స్పర్శ లేదు. మెతుకు అంటుకున్నా తెలియదు. "మూతి తుడుసుకో. నలపై ఏండ్లొచ్చినా తినేది రాలేదు నీకు" అంటాడు, పక్కన ఎవరున్నా సరే. కొంగుతో తుడుచుకుంటాను. పోయిందో లేదో తెలియదు కనక ఇంకోసారి తుడుచుకుంటాను.

తిరుపతిలో ఒక స్కాన్ సెంటర్లో ఆయాగా చేరి అయిదేళ్లయింది. నేల తుడవడం, రోగులకు గౌను తొడగడం, కమ్మలూ ముక్కుపుడకలూ తీయించి కాగితంలో పొట్లం కట్టి వాళ్ల మనుషుల చేతికివ్వడం నా పని. కంప్యూటరు ముందు కూర్చునే నవీన, తీరికైనప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. పెళ్లై ఆమె బెంగుళూరు పోయాక డాక్టరు చక్రధర్ "నీకు తెలుసు కదా అలివేలమ్మా, కొత్తవాళ్లు వచ్చేదాకా కానీ" అన్నాడు. రెండేళ్లయింది, కొత్తవాళ్లు రాలేదు. జీతం ఆయా జీతమే. స్కాన్ బొమ్మ తయారు చేసేది పదో తరగతి తప్పిన నేను. బొమ్మ మూలన పేరు మాత్రం చక్రధర్‌ది.

పని చెప్పుకుంటే పెద్ద విద్యేమీ కాదు. మిషను తలను సన్నటి చక్రాలుగా తరిగినట్టు వందల ఫొటోలు తీస్తుంది. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, చక్రాలుగా తరిగి మళ్లీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎర్రగడ్డ ఆకారం వచ్చినట్టే, ఆ ఫొటోలన్నీ కంప్యూటర్లో దొంతరగా పేరిస్తే తలకాయ లేచి నిలబడుతుంది. మౌసు పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. తెర పక్కనున్న గీత మీద బొత్తాన్ని జరిపేకొద్దీ ముందు చర్మం పోతుంది, తర్వాత కండ పోతుంది, చివరికి ఎముక మిగులుతుంది. వెంట్రుకలు మొదటినుంచీ కనిపించవు. ఎంత గొప్పవాళ్లయినా అందరూ కొండ మీద గుండు చేయించుకుని దిగొచ్చినట్టే ఉంటారు. ఇంట్లో టీవీ రిమోటు నా చేతికి రాదు. అక్కడ మనుషుల తలకాయలే నా చేతిలో తిరుగుతాయి.

మూడు నెలల కింద, పెదవి తిమ్మిరి సంగతి చెబితే చక్రధర్ సైనస్ అనుకుని నా తల స్కాన్ చేయించాడు. సైనస్ లేదని రాసిచ్చాడు. ఆయన వెతికింది అదొక్కటే, పక్కనున్నది చూడలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక నా తలను నేనే తెర మీద నిలబెట్టుకున్నాను. చర్మం తీసేశాను. బొట్టు లేదు, ముడతలు లేవు. ఎవరి కోడలో ఎవరి పెళ్లామో చెప్పని ఎముక. ఎడమకు తిప్పాను. కన్ను కింద బుగ్గ ఎముక లోపలికి దిగిపోయి, విరిగినచోట వంకరగా అతుక్కుని ఉంది. కొలిచే గీత పెట్టి కుడిపక్క కొలిచాను, ఎడమపక్క కొలిచాను. తేడా చూశాను. నమ్మకం లేక మళ్లీ కొలిచాను.

ఇరవై ఏళ్ల కింద, నా కూతురు భానుశ్రీ ఆరునెలల పిల్ల. దానికి పాలిస్తూ ఆయన స్నానానికి నీళ్లు కాచడం ఆలస్యం చేశాను. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు విసిరాడు. మా అత్త దేవకమ్మ రక్తం తుడుస్తూ, "తొట్టికాడ జారిపడినానని చెప్పు మే. ఇంటి పరువు తియ్యొద్దు" అంది. మా నాయనకు అలాగే చెప్పాను. కాంపౌండరుకు చెప్పాను. పెరిగాక నా కూతురికీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానంటే, తలచుకుంటే నాకే చెంబు కనిపించకుండా తొట్టి అంచు కనిపించేది. ఎముక మాత్రం నేను చెప్పింది వినలేదు.

ఆ బొమ్మను ఎవరికీ చూపలేదు. తెరిచి చూసుకునేదాన్ని, మూసేసేదాన్ని.

పోయిన ఆదివారం భానుశ్రీ పలమనేరులో అత్తగారింటి నుంచి ఒక్కతే వచ్చింది. మణికట్టు వాచి ఉంది. "బస్సు దిగతా పడినానుమా" అంది, నా మొహం చూడకుండా. వంటింట్లో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఒలవలేక ఏడుస్తూ, మొగుడు మెలితిప్పాడని చెప్పింది. నేను మునిశేఖర్‌కు చెప్పాను. ఆయన తొణకలేదు.

"బుధవారం నేనే తోడుకోని పోయి దిగబెట్టొస్తా" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "మీయమ్మను సూడు. తొట్టి మింద పడి మొగమంతా వాసినా పుట్టింటికి పోతానని ఒక్క మాట అన్లేదు. అట్లుండల్ల కాపురం అంటే" అన్నాడు.

నేను నోరు మూసుకున్నందుకు నా బిడ్డ చెయ్యి విరగబోతోంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

మంగళవారం నా తలను ఫిల్ము మీద తీశాను. మూలన చక్రధర్ పేరు తుడిచేసి నాకు కావలసింది నేను కొట్టాను.

బుధవారం పొద్దున వాకిట్లో ఆటో ఆగి ఉంది. భానుశ్రీ బ్యాగు ఆయన చేతిలో ఉంది. నేను ఫిల్మును కిటికీకి ఆనించి పట్టుకున్నాను. వెలుతురు పడి తలకాయ తెల్లగా తేలింది.

"ఎవురి పుర్రె మే అది, పొద్దన్నే?" అన్నాడు.

"నాది."

భానుశ్రీ దగ్గరికి వచ్చింది. "ఈ ఎముకేమిమా, ఇట్ల లోపలికి పోయుండాది?"

"మీ నాయన చెంబు ఇసిరినాడు. నువ్వు నా ఒళ్లోనే ఉండావు. తొట్టి లేదు, ఏమీ లేదు. నీకు నేను అబద్ధం చెప్పినా."

మునిశేఖర్ నవ్వాడు. తగాదాలు తీర్చేటప్పుడు నవ్వే నవ్వు. "కంప్యూటర్లో ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ చేస్తారు. ఈయమ్మకు ఆడ అదే గదా పని. అమ్మా, నువ్వు చెప్పు. ఇది యాడ పడింది?"

దేవకమ్మ చాప మీద కూర్చుని వక్క నలగ్గొడుతోంది. చెయ్యి ఆపింది. కొడుకును చూడలేదు, నన్నూ చూడలేదు.

"ఆ చెంబు అటక మింద ఉండాది" అంది. "సొట్ట తీపీమని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు తీపీలేదు గదరా."

మళ్లీ వక్క కొట్టుకోసాగింది.

భానుశ్రీ తండ్రి చేతిలోంచి బ్యాగు తీసుకుని లోపల పెట్టి వచ్చింది. నేను వాకిట్లోకి పోయి ఆటో అతనికి చెప్పాను. "నువ్వు పోప్పా. ఈడినించి ఎవురూ రారు."

తిరిగి వచ్చేసరికి మునిశేఖర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఇరవై ఏండ్ల నాటి మాట" అన్నాడు. "ఇప్పుడు ఎత్తుకోని కూసున్నావు. అంతగా ఏం పోయింది మే నీకు?"

ఫిల్ము మూల వేలితో చూపించాను. నేను కొట్టిన ఇంగ్లీషు అక్షరాలను భానుశ్రీ కూడబలుక్కోకుండా, వీధిలోకి వినబడేటట్టు, తెలుగు చేసి చదివింది.

"అలివేలమ్మ. వయసు నలపై. ఎడమ బుగ్గ ఎముక. చెంబు దెబ్బ. లోపలికి పోయింది నాలుగు పాయింటు రెండు మిల్లీమీటర్లు."