ఏడో నంబరు గుర్తు

"ఆ బొమ్మలు గీసేది రవ్వంత ఆపి ఈ పప్పు పితుకమ్మా. ఉద్దనపల్లి పెద్దప్ప పన్నెండుకంతా వచ్చేస్తాడు," అంటూ మా అత్త ఆదిలక్ష్మమ్మ నానబెట్టిన అనపగింజల గిన్నెను నా కీబోర్డు పక్కనే పెట్టి పోయింది.

బొమ్మలట! నాలుగేళ్లుగా ఈ ఇంట్లో నా ఉద్యోగం పేరు అదే. నేను గీసేది ఎలుక మెదడులోని నాడీకణాలను. బెంగళూరు ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద తీసిన ఫొటోలు హోసూరులో నా కంప్యూటర్‌కు వస్తాయి. కణం కొమ్మలు ఎటు పోతున్నాయో చూసుకుంటూ, చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోవాలి. ఒక్క కణానికి రెండు వారాలు పడుతుంది. పూర్తయ్యాక ఆ ఫైలును ఉమ్మడి ఆర్కైవ్‌లో పెడతాం. లోకంలో ఏ పరిశోధకులైనా దాన్ని ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు. ఇప్పటికి నలభై మూడు కణాలు పెట్టాను. 'గీసినవారు' అన్న గడిలో మాత్రం మా ల్యాబ్ పెద్ద చంద్రశేఖర్ సార్ పేరు ఉంటుంది. నలభై మూడుసార్లూ ఆ పేరు టైపు చేసింది నా వేళ్లే. "పార్ట్‌టైమ్ వాళ్ల పేర్లు పెడితే బాగుండదమ్మా, నీకు తెలీనిదా?" అన్నాడు మొదట్లో. నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఫైళ్లలో ఒక్కదాన్నీ ఆయన తెరిచి చూడలేదు.

గింజను వేళ్ల మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు జారి పడుతుంది. గంట పితికితే ఒక గిన్నెడు. పది నిమిషాల్లో తినేస్తారు, పోపు బాగా కుదిరిందని అత్తను మెచ్చుకుంటారు. కుడిచేత్తో పితుకుతూ ఎడమచేత్తో ల్యాబ్ మెయిల్ తెరిచాను. ఆ మెయిల్ చూసుకునేదీ నేనే.

లిస్బన్‌లో పనిచేసే ఇనేష్ అనే పరిశోధకురాలు రాసింది. మా కణాల్లో కొన్ని కొమ్మల చివర ఏడు అనే అంకె ఉందట, అదేమిటో చెప్పమంది. కింద ఈసారి సారే ఇచ్చిన జవాబు ఉంది. 'సాఫ్ట్‌వేర్ తప్పు. తీసేయండి.' ఆ కింద మళ్లీ ఆమె రాసింది. 'సరే, ఈరోజే తీసేసి లెక్కలు కట్టేస్తాను.'

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పా? ఎవరి తప్పు? ఫొటో తీయాలంటే మెదడును పలచగా ముక్కలు కోయాలి. కత్తికి కొమ్మ అడ్డొస్తే కొమ్మ తెగిపోతుంది. ఫొటోలో చూస్తే అది అక్కడితో ముగిసినట్టే కనిపిస్తుంది. ముగిసిన కొమ్మ వేరు, తెగిన కొమ్మ వేరు. ఆ తేడా కనిపెట్టడానికి ఫొటోలన్నీ పైకీ కిందికీ జరిపి, కళ్లు మంటలెత్తేదాకా చూసి, తెగిన చోటల్లా ఏడు పెట్టాను. నాకెవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఆ ఏడులు తీసేస్తే ఏపుగా పెరిగిన కణాలన్నీ ఎదగని గిడసలుగా లెక్కకెక్కుతాయి. ఆ తప్పు లెక్క మీద ఇంకొకరు, వాళ్ల మీద మరొకరు కట్టుకుంటూ పోతారు.

వెంటనే సార్‌కు ఫోన్ చేశాను. "సార్, ఆ ఏడు తప్పు కాదు. నేను పెట్టిన గుర్తు."

"అట్లనా? సరేలేమ్మా, చెప్పిందేదో చెప్పేసినాను. ఇప్పుడు మాట మార్చితే ల్యాబ్ మర్యాద ఏం కావాల? నువ్వు వదిలేయ్. ఇంట్లో అందరూ బాగుండారా?"

నా మొగుడు మోహన్‌కుమార్ పేపరు మడిచి నా వైపు చూశాడు. "ఆదివారం పూట సార్‌తో వాదనేంది హేమా? ఇంట్లో కూర్చోని చేసే పని. పోతే మళ్లా యాడ దొరుకుతుంది?"

ఇంట్లో కూర్చునే పని నేను కోరుకున్నానా? పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మధుమిత పుట్టింది. "ఒక్క సంవత్సరం ఆగు, బిడ్డ పాలు మరవనీ," అన్నది ఈ మనిషే. మధుమిత ఇప్పుడు ఐదో తరగతి. ఆ ఒక్క సంవత్సరం ఇంకా గడుస్తూనే ఉంది. అప్పుడూ నోరు మూసుకున్నాను. తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

చేతికంటిన జిగురు కొంగుకు తుడుచుకుని ఇనేష్‌కు జవాబు రాయడానికి కూర్చున్నాను. 'ఏడును తీసేయకండి. అది కత్తి తెగ్గోసిన చోటు. అక్కడితో కొమ్మ ముగియలేదు. ఈ నలభై మూడు కణాలూ గీసింది నేను. హేమావతి, హోసూరు.' సార్‌కూ కాపీ పెట్టాను. ఆర్కైవ్ వాళ్లకూ పెట్టి, గీసినవారి గడిలో పేరు మార్చమని రాశాను. పంపించేశాను.

అరగంటలో సార్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇనేష్ జవాబు వచ్చింది. 'సమయానికి చెప్పారు. నా వ్యాసంలో మీ పేరు పూర్తిగా ఎలా రాయాలి?' ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. ఏడుపొచ్చింది.

పప్పు సగమే పితికానని అత్త గొణిగింది. మిగతాది తనే పితికి కూర చేసింది. మోహన్‌కు పెదనాన్న వరసైన పెద్దప్ప విస్తరి ముందు కూర్చుని చుట్టూ చూశాడు. "ఏమప్పా మోహనా, నీ పెండ్లాము బెంగళూరులో ఏదో పెద్ద చదువు చదవతా ఉండె కదా?"

"అది ఎప్పుడో ముగిసిపోయింది పెద్దప్పా," అన్నాడు మోహన్ ముద్ద కలుపుకుంటూ.

గరిటె గిన్నెలోనే పెట్టేశాను.

"ముగిసిపోలేదు పెద్దప్పా. మధ్యలో కోసేసినారు. రేపు పొద్దున బస్సుకు యూనివర్సిటీకి పోతాండాను, ఆ కోసిన కాడినుంచి మళ్లా చేర్చుకోమని అడిగేదానికి."